ఇంగ్లీషులో నాకు కోపం రాదు

ఆ ఏడు జూన్‌లో బళ్ళు తెరవగానే నా కూతురు సింధూను ప్రొద్దుటూరులో చదువుతున్న ప్రైవేటు బడి మాన్పించి, నేను లెక్కలు చెప్పే ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో చేర్పించాను. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. సింధూకైతే అసలే లేదు. వారం రోజులు నాతో పాటే బస్సెక్కేది గానీ నా పక్కన కూర్చునేది కాదు.

ఊరికే చేసిన పని కాదది. ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు దాన్ని కూర్చోబెట్టి చిన్న సమీకరణం ఒకటి ఇచ్చాను. ఒక సంఖ్యకు ఐదు కలిపితే పన్నెండు, ఆ సంఖ్య ఎంత, అంతే. పిల్ల దాన్ని ఇంగ్లీషులో చదివిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 'ట్రాన్స్‌పోజింగ్ ఫైవ్ టు ది అదర్ సైడ్' అంటూ మూడు వరుసలు రాసి, ఏడు అని తేల్చింది. ఇటుపక్క కూడికగా ఉన్న ఐదు అటుపక్కకు పోతే తీసివేత ఎందుకయింది అని అడిగాను.

"అట్లే రాయల్లమ్మా. మా సార్ చెప్పినాడు," అంది.

"ఎందుకు అట్ల రాయల్ల అని అడుగుతాండా."

"ఎందుకేంది. రూలు."

నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళుగా పల్లెటూరి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నా దగ్గర చదివినవాళ్ళలో మార్కులు రానివాళ్ళు ఉన్నారు గానీ, ఎందుకు అని అడిగితే రూలు అన్నవాళ్ళు లేరు. నా కడుపున పుట్టిన పిల్ల ఆ మాట అంది. ఇక దీనికి లెక్కలు నేనే చెప్పుకుంటానని ఆ రోజే ఖాయం చేసుకున్నాను.

మా ఆయన అశ్వత్థనారాయణ పౌరోహిత్యం చేస్తాడు. ప్రొద్దుటూరులో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, బంగారు అంగళ్ళలో లక్ష్మీపూజలు, ఏవి జరిగినా ఆయన ఉండాల్సిందే. పెద్దగా ఎదురు చెప్పే మనిషి కాదు. చెప్పాల్సింది నవ్వుతూనే చెప్పేస్తాడు.

"నువ్వు చెప్పేది తెలుగులో గదా హేమా. మీ బడి కూడా ఇంగ్లీషు అయిపాయ. మరి బిడ్డకు యా భాషలో చెప్తావు?"

"నేర్చుకుంటా."

"ఈ వయసులోనా?"

"నాకేమన్నా నూరేండ్లు వచ్చినాయా?"

నలభై ఆరేళ్ళు నాకు. నేర్చుకుంటా అని అంత తేలిగ్గా ఎలా అనేశానో ఇప్పుడు తలచుకుంటే నాకే ఆశ్చర్యం.

మా బడి జమ్మలమడుగు దాటి ముద్దనూరు పోయే దారిలో ఉంటుంది. వరండా అంతా నాపరాళ్ళు. అంతకు ముందు ఏడాది దాకా పుస్తకం ఇంగ్లీషుదైనా మేము చెప్పేది తెలుగులోనే. ఈసారి అలా కుదరదన్నారు. హెడ్మాస్టరు నూర్ అహ్మద్ సారు మొదటి రోజే టీచర్లందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాడు.

"ఆగస్టు ఆఖర్లో జిల్లా నుంచి టీమ్ వచ్చాది. ఎనిమిదో తరగతిలో కూచ్చోని మీ పాఠాలు చూచ్చారు. ఫలానా టీచరు ఇంగ్లీషులో చెప్పలేరని వాళ్ళు రాసినారంటే, ఆ టీచర్ని వేరే ఊరికి, చిన్న తరగతులకు పంపిచ్చారు. నా చేతిలో ఏమీ లేదు."

అందరిలో ఎక్కువ నష్టపోయేది నేనే. నన్ను పంపించేస్తే, నా దగ్గర చదవాలని తెచ్చిన పిల్ల ఈ బడిలో, నేను ఇంకో ఊళ్ళో. అంతకంటే ఎగతాళి ఉండదు. ఆగస్టు దాకా నాకు మూడు నెలలు కూడా లేవు.

జమ్మలమడుగులో ఐదు రోజులు శిక్షణ ఇచ్చారు. చెప్పడానికి విజయవాడ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన మాట ఒకటి నాకు ఆ మూడు నెలలూ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చకండి మేడం. నేరుగా ఇంగ్లీషులోనే ఆలోచించండి."

"ఎట్ల సార్ అది?"

"ప్రాక్టీసండి, ప్రాక్టీసు."

ఆలోచన ఏమన్నా చీరా, ఇది విప్పి అది కట్టుకోవడానికి? నాకు చాలా కోపం వచ్చింది. కానీ ఆయన చెప్పినట్టే చేశాను. పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బయట కనబడిందల్లా మనసులో ఇంగ్లీషులో అనుకునేదాన్ని. గోట్. స్టోన్. ఓల్డ్ మ్యాన్ ఈజ్ వాకింగ్. ఇంతలో నా మనసు తెలుగులోకి జారిపోయేది. ఆ ముసలాయన ఈ ఎండలో ఎక్కడికి పోతున్నట్టు, కూతురింటికా, ఆసుపత్రికా, చేతిలో ఆ సంచి ఏమిటి, చెప్పులు కూడా లేవే పాపం అని. తెలుగులో ఆయనకొక ఇల్లుంది, వాకిలుంది. ఇంగ్లీషులో ఆయన ఊరికే నడుస్తూనే ఉండేవాడు.

అన్నిటికంటే అవమానం ఎక్కాల దగ్గర. లెక్కల టీచర్ని. బోర్డు మీద ఎనిమిదిని ఏడుతో గుణించాల్సి వచ్చిందనుకోండి, 'ఎయిట్ సెవెన్స్ ఆర్' అని గట్టిగా మొదలుపెట్టి ఆగిపోయేదాన్ని. లోపల ఎనిమిదేళ్ళు యాభై ఆరు అని తెలుగులో గొణుక్కుని, యాభై ఆరును ఫిఫ్టీ సిక్స్ చేసి బయటికి తేవాలి. ఆ కాసేపట్లో పిల్లలు నా పెదాల వైపు చూసేవాళ్ళు. మా అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న ఎక్కాలవి. నా తలలో ఇంకే భాషా వాటిని వేయనంటోంది.

జులైలో సమీకరణాల పాఠం వచ్చింది. ఆ పాఠానికి నేను ప్రతి ఏడూ తక్కెడ పట్టుకుపోతాను. అంగళ్ళలో వాడే పాతకాలం తక్కెడ, స్టాఫ్ రూమ్ బీరువాలో ఉంటుంది. ఒక పళ్ళెంలో మూతి కట్టిన చిన్న సంచి, దాని పక్కన ఐదు గోళీలు పెడతాను. రెండో పళ్ళెంలో పన్నెండు గోళీలు. సంచిలో ఎన్నున్నాయో విప్పకుండా చెప్పండ్రా అంటాను. ఎవరో ఒకరు లేచి ఇటు ఐదు తీసేస్తారు. తక్కెడ ఒరిగిపోతుంది. అటు కూడా ఐదు తీయాలని పిల్లలే అరుస్తారు. ఐదు ఎక్కడికీ దాటిపోలేదు, రెండు పక్కలా పోయింది, అంతే. ఆ తర్వాత ఆ లెక్కను వాళ్ళు జన్మలో మరిచిపోరు.

ఆ రోజు కూడా తక్కెడ పట్టుకునే పోయాను. 'దిస్ ఈజ్ ఎ బ్యాలెన్స్' అన్నాను. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాతి మాట తెలుగులో మొత్తం తయారుగా ఉంది, నాలుక చివర దాకా వచ్చి నిలబడింది. దాన్ని ఒక్కో మాటా విడదీసి మార్చుతూ ఉంటే, మొదటి మాట మార్చేసరికి చివరి మాట మరిచిపోతున్నాను. చేతిలో తక్కెడ ఊగుతోంది. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. మూడో బెంచీలో సింధూ తల వంచుకుని పుస్తకంలోకి చూస్తోంది, వాళ్ళమ్మను చూడలేక.

తక్కెడ పక్కన పెట్టేశాను. పుస్తకంలో ఉన్న మూడు వరుసలూ బోర్డు మీద రాసి, గట్టిగా చదివాను. పిల్లలు రాసుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. గంట మోగింది. ఎవరూ ఏమీ అడగనందుకు నాకు హాయిగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అనిపించింది.

తక్కెడ బీరువాలోకి పోయింది. ఆ తర్వాత రెండు నెలలు బయటికి తీయలేదు.

నేను మామూలుగా కోపిష్టి మనిషిని. నా తిట్లు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పేరుపడ్డవి. నా దగ్గర చదివి పెళ్ళిళ్ళయిన ఆడపిల్లలు కూడా బస్టాండులో కనబడి, మేడం, మీరు తిట్టిన తిట్టు ఇప్పుడు మా బిడ్డల్ని తిడతాండామని చెబుతారు. ఇంగ్లీషులో నాకు కోపం రాదు. 'వై ఆర్ యూ టాకింగ్' అంటాను, అదేదో వాళ్ళను పలకరించినట్టు ఉంటుంది. ఇంగ్లీషు హేమమాలిని చాలా మెతక మనిషి. అడిగినదానికి మాత్రం జవాబు చెబుతుంది, నవ్వించదు, విసుక్కోదు, తనకు తెలిసిందాంట్లో పావు వంతు కూడా చెప్పదు. ఆవిడంటే నాకు ఒళ్ళుమంట.

ఇర్ఫాన్ అని మా క్లాసులో లెక్కల్లో అందరికంటే చురుకైన పిల్లవాడు. ఏడో తరగతిలో నేను లెక్క బోర్డు మీద రాసేలోగా జవాబు చెప్పేవాడు. ఒకరోజు బడి వదిలాక వరండాలో నా కోసం ఆగి ఉన్నాడు.

"మేడం, మీకు ఒంట్లో బాగలేదా?"

"ఐ యామ్ ఫైన్. వై?"

"ఏం లేదు మేడం. మీరు మమ్మల్ని తిట్టడం ల్యా."

తల నిమిరి పంపించాను.

ఇంట్లో మాత్రం ఒక మంచి జరిగింది. సింధూ నా దగ్గరికి వచ్చింది. మొదట్లో నా ఇంగ్లీషు వింటే చెవులు మూసుకునేది. ఒకరోజు వంటింట్లో నేను పాఠం వల్లించుకుంటుంటే తట్టుకోలేక వచ్చి, అట్ల కాదమ్మా, ఇట్ల అనల్ల అని సరిచేసింది. మరుసటి రోజు కూడా వచ్చింది. తర్వాత అది అలవాటైపోయింది. నేను దోసెలు పోస్తూ ఉంటే అది గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతూ నాకు టీచరయ్యేది.

"బిన్నా చెప్పుమా. అంత నిదానంగా చెప్తే నిద్ర వచ్చాది."

"నోరు తిరగల్ల గదే."

"తెలుగులో ఐతే ఊపిరి కూడా తీసుకోవు. ఇప్పుడేమో ప్రతి మాటకూ ఆగుతాండావు."

పదమూడేళ్ళ పిల్ల నన్ను అలా అదిలిస్తుంటే నాకు కోపం రాకపోగా బాగుండేది. ప్రైవేటు బడిలో చదివినంత కాలం నాతో అంతసేపు కూర్చోలేదది. అందుకే కావచ్చు, మిగతాది చూసుకోలేదు.

మిగతాది ఏమిటంటే, నేను మాట్లాడటం నేర్చుకోలేదు. పాఠం అప్పజెప్పడం నేర్చుకున్నాను. టీమ్ ముందు ఏ పాఠం చెప్పాలో మనమే ఎంచుకోవచ్చన్నారు. సమీకరణాల పాఠం ఎంచుకుని, నలభై నిమిషాల పాఠాన్ని గుడ్ మార్నింగ్ దగ్గర నుంచి థాంక్యూ దాకా నోట్‌బుక్కులో రాసుకున్నాను. పుస్తకంలోవి కొన్ని, శిక్షణలో ఇచ్చిన కాగితాల్లోవి కొన్ని. ఎక్కడ నవ్వాలో కూడా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. పొయ్యి దగ్గర అది, బట్టలు ఆరేస్తూ అది.

మా ఆయన ఒకరోజు పూజకు బయలుదేరుతూ గుమ్మంలో నిలబడి విన్నాడు.

"నీకెందుకంత దిగులు హేమా. నేను చదివే మంత్రాల్లో పెండ్లికొడుక్కు ఒక్క ముక్కన్నా అర్థమైతాదా? అయినా పెండ్లి అయితాది గదా. నువ్వూ అట్ల కానిచ్చేయ్."

నవ్వాను. నవ్వి, ఆయన చెప్పినట్టే కానిచ్చాను.

టీమ్ రావడానికి ముందు రోజు ఎనిమిదో తరగతి పిల్లల్ని తయారుచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ కమల టీచరు నేర్పిన చిట్కా ఒకటుంది. తనిఖీకి ఎవరొచ్చినా, ప్రశ్న అడగ్గానే క్లాసులో ఒక్కరు కూడా చెయ్యి ఎత్తకుండా ఉండకూడదు. జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి, రానివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలి. తనిఖీవాళ్ళకు అందరూ ఎత్తినట్టే కనబడుతుంది, టీచరు కుడిచేతుల్లోంచి ఒకరిని లేపుతుంది. ఇన్నేళ్ళలో రెండు మూడుసార్లు వాడాను. నలభై మందిలో పదో పన్నెండో ఎడమచేతులు ఉండేవి. అందులో పెద్ద తప్పు ఉందని నాకెప్పుడూ తోచలేదు.

పిల్లలు సరదాపడి పది నిమిషాలు అదే ఆట ఆడారు. ఒక్క ఆ పది నిమిషాలు తెలుగులో మాట్లాడాను. క్లాసంతా నవ్వులే.

మరుసటి రోజు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పై అధికారి పేరు వంశీధర్. వయసులో నాకంటే చిన్నవాడే, మర్యాద గల మనిషి, వెనక బెంచీలో పిల్లల పక్కనే ఇరుక్కుని కూర్చున్నాడు. నూర్ అహ్మద్ సారు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు అంత బాగా మాట్లాడతానని నేనే అనుకోలేదు. ఎక్కడా తడబడలేదు. ఒక్క తెలుగు మాట దొర్లలేదు. నవ్వాల్సిన చోట నవ్వాను. నా గొంతు నాకే ఎవరిదో అన్నట్టు వినబడింది, కానీ వినడానికి బాగుంది. వంశీధర్ సారు తలూపుతూ ఏదో రాసుకుంటున్నాడు. గెలిచానని అర్థమైంది.

పాఠం అయిపోయాక ఆయన లేచి నిలబడి పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాడు. 'వై డజ్ ది సైన్ ఛేంజ్?' అటుపక్కకు పోతే గుర్తు ఎందుకు మారుతుంది అని. ఎవరైనా అడిగే ప్రశ్నే. నేను ఎండాకాలంలో నా కూతుర్ని అడిగిందే.

నలభై రెండు చేతులూ ఒక్కసారి లేచాయి.

నేను కుడిచేతుల కోసం చూశాను. ముందు వరుసలో లేవు. రెండో వరుసలో లేవు. ఇర్ఫాన్ ఎడమచెయ్యి ఎత్తి, ఎత్తిన చేతిని సరిగా నిలపకుండా, నా కళ్ళలోకి చూడకుండా బోర్డు వైపు చూస్తున్నాడు. గోడ దాకా అన్నీ ఎడమచేతులే.

"ఎక్సలెంట్. హోల్ క్లాస్," అన్నాడు వంశీధర్ సారు. "మీరే పిలవండి మేడం ఎవరినైనా."

ఎవరిని పిలవను? అప్పుడు కనబడింది, మూడో బెంచీలో ఒక్క కుడిచెయ్యి. సింధూది.

"సింధూ," అన్నాను.

అది లేచి నిలబడి చక్కగా చెప్పింది. సమీకరణం తక్కెడ లాంటిదని, ఒక పక్క ఏమి చేస్తే రెండో పక్క కూడా అదే చేయాలని, అందుకే గుర్తు మారినట్టు కనబడుతుందని. ఎక్కడా ఆగకుండా, ఎంత స్వచ్ఛమైన ఇంగ్లీషులోనో. టీమ్ ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పిల్లలు కూడా కొట్టారు. నూర్ అహ్మద్ సారు కళ్ళు తుడుచుకున్నాడు. మా బడికి ఇంత మెప్పు ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం బస్సులో సింధూ నా పక్కనే కూర్చుంది. ఆ నలభై ఒక్క చేతులూ నా కళ్ళ ముందే ఉన్నాయి. అయినా ఒక్కటి ఉంది కదా, ఒక్కదానికైనా వచ్చింది కదా, అది నా పిల్లే కదా అని సర్దుకుంటున్నాను.

"బాగా చెప్పినావు," అన్నాను.

అది కిటికీ వైపు నుంచి ముఖం తిప్పలేదు.

"నాకు రాదమ్మా."

"ఏంది రానిది?"

"ఆ సార్ అడిగింది. ఎందుకు మారతాదో నాకు తెల్దు. నేను గూడా ఫస్ట్ ఎడమచెయ్యే ఎత్తినా. నువ్వు ఎవుర్నీ పిలవకుండా అట్లే నిలబడిపోయినావు గదా, అందుకని చెయ్యి మార్చినా."

"మరి చెప్పినావు గదా, అంతా."

"నువ్వు దోసెలు పోస్తా చెప్పుకుంటాంటావు గదా. అదే చెప్పినా."

"దానర్థం?"

తల అడ్డంగా ఊపింది. "నీకు తెల్సు గదా అని చెప్పినా."

ప్రైవేటు బడిలో ఉన్నప్పుడు ఎందుకు అంటే రూలు అనేది. తెలియదని ఒప్పుకున్నట్టే అది. నా దగ్గరికొచ్చిన మూడు నెలల్లో, తెలియనిదాన్ని తెలిసినట్టు పదిమంది ముందు నిలబడి చెప్పడం నేర్చుకుంది. ఎవరు నేర్పారు? నేనే నేర్పాను. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, మంచి తెలుగు కోపం, తిట్టడానికి నేను తప్ప ఎవరూ దొరకలేదు.

"ఇంటికి పోయినాక చెప్తా దాని సంగతి," అన్నాను.

"రేపు క్లాసులో చెప్పుమా," అంది. "ఎవురికీ రాదు."

మరుసటి రోజు తక్కెడ తీశాను. సంచీ గోళీలూ పెట్టి, గంటంతా తెలుగులో చెప్పాను. ఐదు గోళీలు తీయగానే పళ్ళెం పైకి లేచిపోతే ఇర్ఫాన్ లేచి నిలబడ్డాడు.

"ఇంతేనా మేడం? ఇంతదానికా మనం రెండు నెలలు రాసింది?"

"కూచ్చోరా. పెద్ద కనిపెట్టినావు. ఆ మాట అప్పుడే అడిగింటే నీ నోటి ముత్యాలు రాలిపోతాండెనా?"

క్లాసు గొల్లుమంది. తిట్టించుకున్నందుకు వాడు కూడా నవ్వాడు. తర్వాత అదే లెక్కను వాళ్ళను ఇంగ్లీషులో చెప్పమన్నాను. ఒకరికి ఒక మాట వస్తే ఇంకొకరికి ఇంకో మాట. సింధూ అక్కడక్కడా అందించింది. నాకు తెలియనివి తెలియవని చెప్పాను. వంకరటింకరగా ఉన్నా, ఆ గంటలో ఇంగ్లీషు మాట్లాడిన ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ తను చెప్పేదేమిటో తెలుసు. ఈ పద్ధతిలో పోతే ఏడాది చివరికి వాళ్ళూ నేర్చుకుంటారు, నేనూ నేర్చుకుంటాను అని మొదటిసారి నమ్మకం కలిగింది.

ఆ నమ్మకం నాలుగు రోజులు ఉంది. ఐదో రోజు నూర్ అహ్మద్ సారు పిలిపించి ఒక కాగితం చేతికిచ్చాడు. ఇంగ్లీషులో బోధించడంలో విశేష ప్రతిభ చూపినందుకు, ఇతర టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి నన్ను ఎంపిక చేశారు. సోమవారం నుంచి పులివెందులలో చేరాలి. పరీక్షల దాకా అక్కడే. ఎనిమిదో తరగతికి వేరే టీచర్ని సర్దుతారు.

రెండుసార్లు చదివాను. చెప్పలేకపోతే బడి మారుస్తామన్నారు. చెప్పినందుకు మారుస్తున్నారు.

"నేను పోను సార్," అన్నాను.

"శానా పెద్ద గౌరవం మేడం. కాదంటే బాగుండదు. పోకుంటే మెమో ఇచ్చారు," అన్నాడాయన దిగులుగా. ఆయన అన్నట్టే తర్వాత మెమో వచ్చింది, దానికి జవాబు రాశాను, అదొక పెద్ద కథ. అప్పుడు మాత్రం ఆయన బల్ల మీది కాగితంలో వంశీధర్ సారు నంబరు చూసి, అక్కడే నిలబడి ఫోను చేశాను.

ఆయన చాలా సంతోషంగా పలికాడు, ఇంగ్లీషులో. కంగ్రాచ్యులేషన్స్ అన్నాడు. నేను తెలుగులోనే మాట్లాడాలని చేశాను. కానీ నోరు తెరిస్తే, నా వెనక ఏ తెలుగు మాటా నిలబడకుండా, నేను దేన్నీ దేనిలోకీ మార్చకుండా, నేరుగా వచ్చేసింది.

"ఐ విల్ నాట్ కమ్, సార్. మై చిల్డ్రన్ డిడ్ నాట్ అండర్‌స్టాండ్ మీ. నాట్ వన్ చైల్డ్. ఐ చీటెడ్ యూ, సార్, అండ్ ఐ చీటెడ్ దెమ్."

నా పిల్లలకు నేను చెప్పింది అర్థం కాలేదని. ఒక్కరికి కూడా. మిమ్మల్నీ మోసం చేశాను, వాళ్ళనూ మోసం చేశానని. చేతుల సంగతి కూడా చెప్పాను. ఎవరు ఏ చెయ్యి ఎందుకు ఎత్తారో, మొత్తం. ఇంగ్లీషులో నాకు కోపం రావడం అదే మొదలు.

ఆయన ఆప్యాయంగా నవ్వాడు.

"చూశారా మేడం, ఎంత ఫ్లూయెంట్‌గా మాట్లాడుతున్నారో. అందుకే మిమ్మల్ని సెలెక్ట్ చేశాం. సోమవారం కలుద్దాం," అన్నాడు.

ఫోను పెట్టేశాడు. నూర్ అహ్మద్ సారు నా ముఖంలోకి చూస్తూ కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏమైంది మేడం? పోనని చెప్పినారా?"

"చెప్పినా సార్. మంచి ఇంగ్లీషులో చెప్పినా," అన్నాను. "ఆయప్పకు అర్థం కాలే."